రెండు ఫోన్ల స్పెక్స్ పోల్చాలా? పైథాన్‌లో లూప్ అక్కర్లేదు

కొత్త ఫోన్ కొనేముందు మనం చూసేది రెండే: రెండింట్లో కామన్‌గా ఏమున్నాయి, ఒకదాంట్లో ఉండి ఇంకోదాంట్లో లేనివేంటి? పైథాన్ డిక్షనరీ కీస్‌తో ఈ పని ఒక్క లైన్‌లో అయిపోతుంది.

ముందు రెండు డిక్షనరీలు రాసుకుందాం. పైథాన్ 3లో వేరియబుల్ పేర్లు తెలుగులోనూ పెట్టొచ్చు.

ఎ = {"ర్యామ్": 8, "బ్యాటరీ": 5000, "ఎన్ఎఫ్సీ": "ఉంది"}
బి = {"ర్యామ్": 8, "బ్యాటరీ": 6000, "మెమరీ కార్డ్": "ఉంది"}

డిక్షనరీ మీద కీస్ మెథడ్ పిలిస్తే వచ్చేది లిస్ట్ కాదు, సెట్‌లా పనిచేసే ఒక వ్యూ. కాబట్టి దాన్ని లిస్ట్‌గా మార్చి, లూప్ లోపల లూప్ రాయక్కర్లేదు. సెట్ గుర్తులు నేరుగా వాడేయొచ్చు:

ఎ కీస్ & బి కీస్ → ర్యామ్, బ్యాటరీ (రెండింట్లోనూ ఉన్నవి)
ఎ కీస్ - బి కీస్ → ఎన్ఎఫ్సీ (ఎ లో మాత్రమే)
ఎ కీస్ | బి కీస్ → నాలుగూ
ఎ కీస్ ^ బి కీస్ → ఎన్ఎఫ్సీ, మెమరీ కార్డ్ (ఏదో ఒకదాంట్లోనే ఉన్నవి)

ఇక్కడ కొన్ని జాగ్రత్తలు.

1. కీ కలిసిందంటే వాల్యూ కలిసినట్టు కాదు. బ్యాటరీ రెండింట్లోనూ ఉంది, కానీ ఒకటి 5000, ఇంకోటి 6000. వాల్యూ కూడా కలవాలంటే కీస్ బదులు ఐటమ్స్ వాడండి. అప్పుడు & పెడితే ర్యామ్, 8 జత ఒక్కటే మిగులుతుంది. వాల్యూగా లిస్ట్ ఉంటే మాత్రం టైప్ ఎర్రర్ రావచ్చు, అక్కడ టపుల్ పెట్టుకోండి.

2. స్పెల్లింగ్ ముఖ్యం. "ర్యామ్" పక్కన ఒక్క స్పేస్ ఎక్కువైనా పైథాన్‌కి అది వేరే కీ. పోల్చేముందు స్ట్రిప్ మెథడ్‌తో అటూ ఇటూ ఉన్న స్పేస్‌లు తీసేయండి.

3. సెట్‌కి వరస ఉండదు. డిక్షనరీ మనం రాసిన వరస గుర్తుపెట్టుకుంటుంది (పైథాన్ 3.7 నుంచి ఇది గ్యారంటీ), కానీ & తర్వాత వచ్చేది సెట్. టేబుల్‌లా చూపించాలంటే సార్టెడ్ ఫంక్షన్ వాడండి.

అన్నిటికంటే పెద్ద జాగ్రత్త ఇంకోటుంది. కీ లేదంటే ఫీచర్ లేదని కాదు! బి లో ఎన్ఎఫ్సీ నిజంగా లేకపోవచ్చు, లేదా డేటా ఎంటర్ చేసినవాళ్లు రాయడం మర్చిపోయి ఉండొచ్చు. కోడ్‌కి ఆ తేడా తెలీదు. అందుకే లేని ఫీచర్‌కి "లేదు" అని, తెలియనిదానికి నన్ అని వాల్యూ ఇచ్చి కీ మాత్రం ఉంచండి. లేకపోతే మీ కంపారిజన్ నమ్మి ఎవరో ఒకరు మంచి ఫోన్ వదిలేసుకుంటారు.

ఇప్పుడు మీ ఫోన్, మీ ఫ్రెండ్ ఫోన్ స్పెక్స్‌తో రెండు డిక్షనరీలు రాసి ^ పెట్టి చూడండి. వచ్చిన ప్రతి కీ నిజంగా తేడానా, రాయడం మర్చిపోయిందా అని చెక్ చేయండి.