వడ్రంగి వసారాలో కలప నిలువ

మన గ్రామములలో వడ్రంగికి ప్రత్యేకముగా పనిశాల యుండుట అరుదు. ఇంటి ముందరి వసారాయే అతని పనిచోటు. పన్నెండడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పుగల ఆ తావుననే బాడిస, రంపము, చిత్రిక, సగము తయారైన తలుపు, బాగుచేయుటకు వచ్చిన నాగలి, అన్నియు నిముడవలెను. ఇక కలపకు చోటెక్కడిది? అది గోడప్రక్క నేలమీదనో, వీథిలోని వేపచెట్టుక్రిందనో పడియుండును.

ఇటీవల మేమొక గ్రామమునకు పోయినప్పుడు అచటి వడ్రంగి తన చెక్కల దొంతరను విప్పి చూపెను. పైనున్న నాలుగు చెక్కలును బాగుగనే యున్నవి. అడుగున నున్న రెండు మామిడి చెక్కల నెత్తబోగా అవి చేతిలోనే పొడియైపోయినవి. చెదలు లోపలి భాగమంతయు తినివేసినవి. అవి అప్పుచేసి కొన్న చెక్కలు. “నేలమీద పెట్టరాదని తెలియక కాదండీ, మరెక్కడ పెట్టమంటారు?” అని యతడు మమ్ము ప్రశ్నించెను. ప్రశ్న న్యాయమైనది. వడ్రంగి మూలధనమంతయు ఆ దొంతరలోనే యున్నది కదా!

చోటు చాలకపోవుటకు ముఖ్యకారణము పచ్చి కలపను, ఎండిన కలపను ఒకే విధముగా నుంచుటయని మా యభిప్రాయము. క్రొత్తగా కోసిన చెక్కలోని నీరు పోవలెనన్న దానికి నలుప్రక్కల గాలి తగులవలెను. కావున చెక్కకును చెక్కకును నడుమ అంగుళము మందముగల పుల్లల నుంచవలెను. బాగుగా నెండిన చెక్కకు ఈ సందు అక్కరలేదు. ఒకదానిపై నొకటి ఆనించి పేర్చినను చెడదు. అంగుళము మందముగల చెక్కలు ఇరువదినాలుగింటిని పుల్లలతో పేర్చిన నాలుగడుగుల ఎత్తగును. పుల్లలు తీసివేసిన రెండడుగులే. ఎండినదానిని గుర్తించి వేరుచేయుటవలననే సగము చోటు కలిసివచ్చును.

ఎండినదని తెలియు టెట్లు? రెండు కొనలకును రంగు పూసిన ఒక చిన్న చెక్కముక్కను దొంతరలో నుంచి వారమున కొకమారు తూచవలెను. బరువు తగ్గుట నిలిచిపోయినచో ఆ చోటి గాలికి ఎంత ఆరవలెనో అంతయు ఆరినదన్నమాట. అంగుళపు చెక్కకైనను కలప జాతినిబట్టి, ఋతువునుబట్టి కొన్ని నెలలు పట్టును. ఆ ఓపిక లేక చేసిన తలుపే వేసవి రాగానే సందులు విడుచును. ఆరునప్పుడు చెక్క పొడవున దాదాపు తగ్గదు, వెడల్పున మాత్రము తగ్గును.

పచ్చి చెక్కలను వసారాలోనికి తేనక్కరలేదు. ఇంటికి ఉత్తరపు వైపున, ఎండ సూటిగా పడని చూరు క్రింద వానికి చోటు చూడవలెను. అడుగున అడుగున్నర ఎత్తు రాతిదిమ్మెలు నిలిపి, వానిపై సమమట్టముగా దూలపు ముక్కలు పరచి, ఆపైన చెక్కలు పేర్చవలెను. పుల్లలు రెండడుగుల కొకటి చొప్పున, క్రిందిదానికి సరిగా పైది వచ్చునట్లుండవలెను. ఈ వరుస తప్పినచో బరువు పుల్లలేని చోట పడి చెక్క వంగిపోవును. గోడకును దొంతరకును నడుమ జానెడు సందు విడిచి, దిమ్మెలపై చెదలు మట్టిబాట కట్టుచున్నదేమో వారమువారము చూడవలెను. కొనలు తక్కిన భాగముకంటె త్వరగా ఆరి బీటలు వారును గనుక వానికి తారుగాని పాతరంగుగాని పూయుట మేలు. వాన తగులకుండ పైన రేకు వేయవచ్చును. ప్లాస్టిక్ పట్టాతో చుట్టి బిగింపరాదు, తడి లోపలనే నిలిచి బూజు పట్టును.

ఎండిన చెక్కలకు తలపైనున్న చోటే తగినది. అయితే మట్టిగోడకు మేకులు కొట్టి బరువు నిలుపరాదు. పదియడుగుల పొడవు, అడుగు వెడల్పుగల అంగుళపు టేకు చెక్కలు ఆరు కలిసి సుమారు 90 కిలోల బరువుండును. కావున నేలనుండియే రాతిపలకలపై గుంజలు నిలిపి, వానికి అడ్డకమ్ములు బిగించి, మనిషి యెత్తునకు పైన అటక కట్టవలెను. క్రిందిచోటు పనికి మిగులును.

తుంటల సంగతి వేరు. “ఎప్పటికైనను పనికివచ్చును” అనుచు ఏ వడ్రంగియు తుంటను పారవేయడు. కొన్నాళ్లకు తుంటలే వసారాను ఆక్రమించును. మూరెడుకంటె చిన్నవానిని పొయ్యిలోనికి పంపి, తక్కినవానిని ఒక పెట్టెలో నిలువుగా నుంచుట మంచిది. చేవలేని తెల్లని భాగమునుండి పిండివంటి పొడి రాలుచున్నచో పురుగు పట్టినదని గ్రహించి ఆ ముక్కను వెంటనే తొలగింపవలెను.

ఇందు పంచాయతీవారికేమి పని యని కొందరనవచ్చును. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణతో చేరిన పదునొకండవ షెడ్యూలులో కుటీర పరిశ్రమలు, సామాజిక వనములు రెండును గలవు. 2023 సెప్టెంబరులో ఆరంభమైన విశ్వకర్మ పథకములో వడ్రంగము చేరినది. దరఖాస్తుల తొలి పరిశీలన గ్రామపంచాయతీ స్థాయిలోనే జరుగునట్లు ఏర్పరచిరి. పనిముట్లకు సహాయము వచ్చుట సంతోషమే. కాని చెక్క చెదలపాలైనప్పుడు క్రొత్త చిత్రిక దేనికి పట్టవలెను?

గాలివానకు కూలిన గ్రామపు చెట్లను ఏండ్లతరబడి దుంగలుగా ఎండలో పడవేయక, అనుమతి పొంది త్వరగా కోయించినచో చోటును మిగులును, కలపయు దక్కును. మరియొక మాట. జూన్ నెలలో కావలసిన బడిబల్లలను మే నెలలో పురమాయించినచో పచ్చి చెక్కతో చేయుటకంటె వడ్రంగికి గత్యంతరము లేదు. సంక్రాంతికే కొంత బయానా యిచ్చినచో బల్ల చేయునాటికి చెక్క చాలవరకు ఆరియుండును.

మేము పైన చెప్పిన గ్రామమున, పంచాయతీ కార్యాలయపు వెనుక గోడవెంబడి పన్నెండడుగుల చూరును వడ్రంగులు వాడుకొనుటకు సభ్యులు సమ్మతించిరి. అచట ఇప్పుడు రెండు దొంతరలున్నవి. ప్రతి చెక్క కొనపైనను యజమాని గుర్తు, కోసిన తేదీ ఎఱ్ఱరంగుతో వ్రాయబడియున్నవి.