అమ్మకు చెప్పొద్దన్న అమ్మాయి

ప్రశ్న: మాది సిద్దిపేట జిల్లా రాయపోల్. నర్సును. పదహారేళ్ల అమ్మాయి నెల తప్పిందని చెప్పి, "సిస్టర్, అమ్మకు చెప్పకండి" అని చెయ్యి పట్టుకుంది. ఏం చెయ్యాలి?

జవాబు: "ఎవరికీ చెప్పను" అని మాత్రం మాటివ్వకండి. మీరు నిలబెట్టుకోలేని మాట అది. పద్దెనిమిదేళ్లు నిండని పిల్ల ఇష్టపడ్డానన్నా 2012 నాటి పోక్సో చట్టం ఆ శారీరక సంబంధాన్ని నేరంగానే చూస్తుంది. తెలిసినవాళ్లెవరైనా పోలీసులకు చెప్పి తీరాలంటుంది 19వ సెక్షన్. గర్భస్రావానికి సంరక్షకుల రాతపూర్వక అంగీకారమూ కావాలి. ఈ రెండూ అమ్మాయిని ఒంటరిగా కూర్చోబెట్టి, ముందే నెమ్మదిగా చెప్పండి.

అయితే 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు పెద్ద ఊరటనిచ్చింది. అమ్మాయి, సంరక్షకులు కోరితే, డాక్టరు పోలీసులకిచ్చే సమాచారంలో ఆమె పేరు, వివరాలు రాయనక్కర్లేదు. ఈ తీర్పును మీ డాక్టరుగారికి తప్పక గుర్తుచేయండి. పేరు బయటపడుతుందన్న భయంతోనే పిల్లలు నాటుమందుల దాకా వెళ్తారు.

అమ్మంటే ఎందుకు భయమో అడగండి. ఇంట్లోవాళ్లే కారకులైతే దారి వేరు: వాళ్లకు కబురు పంపకుండా 1098కు ఫోన్ చేయండి. లేదంటే తల్లికి ఎవరు, ఎలా చెప్పాలో అమ్మాయినే అడగండి, పక్కన మీరుండండి.

మన ఊళ్లలో ఆశా కార్యకర్త కూడా చుట్టమే కావచ్చు. కాబట్టి వరండాలో పేరు పెట్టి పిలిచి ఆరా తీయొద్దు, రిజిస్టరు బల్లమీద తెరిచి వదలొద్దు.