పెరటిలో బంగాళాదుంప

బంగాళాదుంప పిన్నలకును పెద్దలకును ప్రియమైన కూర. దీనిని తెలంగాణమువారు ఆలుగడ్డ యనియు, రాయలసీమవారు ఉర్లగడ్డ యనియు వ్యవహరింతురు. దీని పుట్టినిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీసు పర్వతప్రాంతము. 16వ శతాబ్దమున స్పెయిను దేశీయులు దీనిని ఐరోపాకు గొనిపోయిరి. చల్లని సీమలో పుట్టిన పైరగుటచే దీనికి చల్లని రాత్రులు కావలయును. రాత్రులు వెచ్చగా నున్నచో ఆకు పెరుగునుగాని గడ్డ చక్కగా ఊరదు. కావున మన మైదానములలో అక్టోబరు నెలాఖరునుండి నవంబరు నడుమవఱకు నాటుట యుక్తము.

ఈ దుంప వేరా, కాండమా? తరగతిలో ఈ ప్రశ్న వేసినప్పుడు పెక్కురు వేరనియే చెప్పుదురు. చిలగడదుంప వేరే, కాని బంగాళాదుంప భూమిలో ఊరిన కాండము. దానిపై గనబడు కన్నులు మొగ్గలు. ప్రతి మొగ్గయు ఒక మొక్క కాగలదు. అందుచేతనే విత్తనము లేకయే దుంపముక్కను నాటుచున్నాము.

విత్తనపు దుంపలు గట్టిగా, తెగులులేనివై యుండవలయును. క్రొత్తగా త్రవ్విన దుంప రెండు మూడు నెలలు నిద్రించును గనుక వెంటనే మొలవదు. నాటుటకు ముందు పదునైదు దినములు దుంపలను నీడలో, వెలుతురు తగులునట్లు పఱచినచో పొట్టివియు బలమైనవియు నగు మొలకలు వచ్చును. చిన్నదుంపలను కోయక నాటుట మేలు. పెద్దవానిని 40 గ్రాముల ముక్కలుగా, ముక్కకు రెండు మూడు కన్నులుండునట్లు కోసి, కోసినచోట పొర గట్టువఱకు నీడలో నుంచవలయును. లోపల కుళ్లిన దుంప కంటబడినచో దానిని పాఱవైచి, కత్తిని మరుగు నీటిలో ముంచి మరల వాడవలయును.

3 మీటర్ల పొడవు, 1.8 మీటర్ల వెడల్పు గల మడిని గైకొందము. వరుసకు వరుసకు 60 సెంటీమీటర్లు, ముక్కకు ముక్కకు 20 సెంటీమీటర్లు ఎడమున్నచో మూడు వరుసలలో 45 ముక్కలు పట్టును. వానికి 1,800 గ్రాముల విత్తనము చాలును. నీరు నిలువని గుల్ల నేలలో బాగుగా మాగిన పశువుల యెరువు గలుపవలయును. వంగ, టమాట, మిరప పెరిగిన చోట వెంటనే నాటరాదు. అవి దీని కుటుంబమునకు జెందినవే గనుక వాని తెగుళ్లు దీనికిని సోకగలవు.

తడి ఆరకుండ కొద్దికొద్దిగా నీరు పెట్టవలయును. మొక్కలు జానెడెత్తు పెరిగినప్పుడు మొదళ్లకు మన్ను ఎగద్రోయుట ముఖ్యమైన పని. ఏలయనగా ఎండ సోకిన దుంప పచ్చబడును. అందు సొలనీన్ అను విషపదార్థము పెరుగును. అది ఉడికించినను పోదు. పచ్చబడిన దుంపను తినరాదు. ఈ మొక్కకు కాయు చిన్న పచ్చికాయలును విషమే. పసిపిల్లలు వానిని నోటబెట్టకుండ తల్లిదండ్రులు చూచుకొనవలయును.

ఆకులపై నల్లమచ్చలు వ్యాపించినచో అట్టి మొక్కలను వెంటనే పెఱికివేయవలయును. 1845లో ఐర్లండులో ఆకుమాడు తెగులు వచ్చెను. అచ్చటి బీదలు చాలవఱకు ఒకే రకపు దుంపపై ఆధారపడియుండిరి. ముక్కలనుండి పుట్టిన మొక్కలన్నియు ఒకే తీరువి యగుటచే ఒకదానిని జంపిన తెగులు అన్నిటిని జంపెను. కొన్ని సంవత్సరములలో సుమారు 10 లక్షలమంది ఆకలిచేతను రోగములచేతను మరణించిరి. కావున చిన్నపెరటిలోనైనను దుంపతోపాటు చిక్కుడు, ఆకుకూరలు వేయుట వివేకము.

సుమారు 90 దినములకు ఆకులు పండును. నీరు మాని పది దినములైన పిమ్మట ఒక దుంపను దీసి బొటనవ్రేలితో రుద్దవలయును. తొక్క ఊడనిచో పైరు ముదిరినదని యెఱుగునది. త్రవ్విన దుంపలను నీడలో ఆఱబెట్టి చీకటిచోట దాచవలయును.

విద్యార్థులారా! నాటిన విత్తనమును, త్రవ్విన పంటను తూచి, తేదీలతో వ్రాసియుంచుడు. మొక్కకు పావుకిలో వంతున వచ్చినను ఆ చిన్నమడి 11 కిలోలకు పైగా మీ వంటయింటికి ఈయగలదు.