పాప చుట్టూ ఉన్న వస్తువులు: ఈ నెల ఇంట్లో ఒక చిన్న సర్వే



మన బడి పిల్లల్లో చాలామందికి ఇంట్లో ఒక చిట్టి చెల్లో, తమ్ముడో ఉంటారు. బారసాలకు వచ్చిన బేబీ కిట్ అల్మరాలో ఉంటుంది. సబ్బు, షాంపూ, లోషన్, పౌడర్, నూనె, వైప్స్, అన్నీ ఒకే పెట్టెలో. పెట్టె మీద నవ్వుతున్న పాప బొమ్మ. “పిల్లల కోసమే చేసినవి కదా, మంచివే అయి ఉంటాయి” అనుకుంటాం. చాలాసార్లు ఆ నమ్మకం తప్పు కాదు. కానీ ఒక్క రోజులో ఆ పాప ఒంటికి, నోటికి తగిలే వస్తువులు మొత్తం ఎన్నో మనం ఎప్పుడూ లెక్కపెట్టలేదు.

ఈ నెల పాఠం ఆ లెక్క గురించే. చివర్లో పిల్లలతో కలిసి ఇంట్లో చేసే సర్వే కూడా ఇచ్చాం.

రెండేళ్ల పాప ఒక రోజు

డెన్మార్క్ ప్రభుత్వ పర్యావరణ పరిరక్షణ సంస్థ చాలా ఏళ్లుగా ఒక మంచి పని చేస్తోంది. దుకాణాల్లో దొరికే వస్తువులను కొని, ల్యాబ్‌లో పరీక్ష చేయించి, దేనిలో ఏ రసాయనం ఎంత ఉందో అందరికీ తెలిసేలా నివేదికలు ఇస్తోంది. 2009లో ఆ సంస్థ రెండేళ్ల పిల్లల మీద ఒక నివేదిక తెచ్చింది. అంతకుముందు ఒక్కో వస్తువును విడిగా పరీక్షించేవారు. ఈసారి ఆ వయసు పాపకు అన్ని వైపుల నుంచి కలిపి ఎంత చేరుతోందో లెక్క వేశారు.

జాకెట్లు, గ్లవ్స్, రబ్బరు చెప్పులు, డైపర్లు, పక్క దుప్పట్లు, పాసిఫయర్లు, క్రీములు, సన్‌స్క్రీన్ లోషన్లు వంటివన్నీ తీసుకున్నారు. తినే తిండిని, ఇంట్లోని దుమ్మును కూడా కలిపారు. శరీరంలో హార్మోన్ల పనికి అడ్డుపడగల పదార్థాల మీద ముఖ్యంగా దృష్టి పెట్టారు.

చాలా వస్తువులు విడివిడిగా చూస్తే భయపడాల్సిన స్థాయిలో లేవని తేలింది. కానీ అన్నిటినీ కూడితే, ఒకేలా పనిచేసే పదార్థాలు కలిసి ప్రమాద స్థాయికి చేరే అవకాశం ఉందని గుర్తించారు. చినుకు చినుకు కలిస్తేనే కదా చెరువు నిండేది! 2011లో డెన్మార్క్ మూడేళ్ల లోపు పిల్లల కాస్మెటిక్స్‌లో ప్రొపైల్, బ్యూటైల్ పారాబెన్‌లు అనే ప్రిజర్వేటివ్‌లను నిషేధించింది. 2014లో యూరోపియన్ యూనియన్ కూడా, ఆ వయసు పిల్లలకు డైపర్ కట్టే చోట రాసి వదిలేసే క్రీముల్లో వాటిని వాడకూడదని నియమం తెచ్చింది.

పసిపిల్లలకే ఎందుకు ఎక్కువ?

పాప బరువు తక్కువ, చర్మం ఎక్కువ. ఒక్కో కిలో బరువుకు లెక్కిస్తే పుట్టిన బిడ్డ చర్మం వైశాల్యం పెద్దవారికంటే రెండింతలకు పైనే. కిలో బరువుకు పీల్చే గాలి, తీసుకునే ఆహారం కూడా మనకంటే ఎక్కువే. పైగా పాప నేల మీద పాకుతుంది, దొరికిన ప్రతిదీ నోట్లో పెట్టుకుంటుంది. మెదడు, అవయవాలు ఇంకా ఎదుగుతున్న వయసు అది. అందుకే మనకు ఏమీ కాని మోతాదు వాళ్లకు చిన్నది కాకపోవచ్చు.

లేబుల్ ఎంత చెబుతుంది?

మన దేశంలో కాస్మెటిక్స్ లేబుల్ మీద అందులో వాడిన పదార్థాల జాబితా ఉండాలి. ఒక శాతానికి మించి ఉన్నవి ఎక్కువ నుంచి తక్కువకు వరుసలో వస్తాయి. కాబట్టి ముందు లేబుల్ చదవడం నేర్చుకుందాం. అయితే లేబుల్ అన్నీ చెప్పదు.

2009లోనే అమెరికాలో ‘క్యాంపెయిన్ ఫర్ సేఫ్ కాస్మెటిక్స్’ అనే సంస్థ 48 పిల్లల స్నాన ఉత్పత్తులను ల్యాబ్‌కు పంపింది. వాటిలో 32 ఉత్పత్తుల్లో 1,4-డయాక్సేన్ కనిపించింది. 28 ఉత్పత్తులకు ఫార్మాల్డిహైడ్ పరీక్ష చేయిస్తే 23 ఉత్పత్తుల్లో అది ఉంది. ఉన్న మోతాదులు తక్కువే. కానీ ఈ రెండు పేర్లూ లేబుళ్ల మీద లేవు. ఎందుకంటే వాటిని ఎవరూ కావాలని కలపలేదు. నురుగు వచ్చే పదార్థాన్ని తయారుచేసేటప్పుడు 1,4-డయాక్సేన్ ఉప ఉత్పత్తిగా మిగులుతుంది. కొన్ని ప్రిజర్వేటివ్‌లు నెమ్మదిగా ఫార్మాల్డిహైడ్‌ను వదులుతాయి. ఆ తర్వాత కొన్నేళ్లకు కొన్ని పెద్ద కంపెనీలు తమ బేబీ షాంపూల తయారీ మార్చుకున్నాయి. అడిగేవాళ్లు ఉంటే మార్పు వస్తుందని ఆ సర్వే చూపించింది.

లేబుల్ మీద మనం పట్టుకోగల ఆనవాళ్లు ఇవి: క్వాటర్నియం-15, డీఎండీఎం హైడాంటోయిన్ అని ఉంటే అవి ఫార్మాల్డిహైడ్ వదిలే ప్రిజర్వేటివ్‌లు. సోడియం లారెత్ సల్ఫేట్, పెగ్ అనే పేర్లు ఉంటే 1,4-డయాక్సేన్ జాడలు ఉండే వీలుంది. ‘పర్ఫ్యూమ్’ లేదా ‘ఫ్రాగ్రెన్స్’ అనే ఒక్క మాట వెనుక ఎన్నో పదార్థాలు ఉండవచ్చు. ఇక ‘నేచురల్’, ‘కెమికల్ ఫ్రీ’ అన్న మాటలను చూసి కొనవద్దు. నీళ్లు కూడా రసాయనమే. ప్రిజర్వేటివ్ అసలే లేని నీటి లోషన్‌లో బ్యాక్టీరియా పెరుగుతుందన్న సంగతి కూడా మరచిపోవద్దు.

మన ఇంట్లో ఆరు చోట్ల చూద్దాం

1. పాల సీసా. సీసా అడుగున త్రికోణం గుర్తులో ఒక అంకె ఉంటుంది. 5 అంటే పాలీప్రొపిలీన్. 7 అంటే ‘ఇతర ప్లాస్టిక్‌లు’. పాత గట్టి పారదర్శక సీసాలైతే పాలీకార్బొనేట్ కావచ్చు. దాని తయారీలో బీపీఏ వాడతారు. 2008లో అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయ పరిశోధకులు పాలీకార్బొనేట్ సీసాల్లో మరిగే నీళ్లు పోసి చూశారు. చల్లని నీళ్లతో పోలిస్తే బీపీఏ 15 నుంచి 55 రెట్లు వేగంగా బయటికి వచ్చింది. 2011లో యూరోపియన్ యూనియన్, 2012లో అమెరికా ఇలాంటి పాల సీసాలకు స్వస్తి చెప్పాయి. మన దేశంలో పాల సీసాలకు ఐఎస్ 14625 ప్రమాణం ఉంది. 1992 నాటి చట్టం ప్రకారం సీసా మీద ఐఎస్‌ఐ గుర్తు ఉండాలి. అన్నప్రాసన అయిన పిల్లలకైతే మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉన్న ఉగ్గుగిన్నె, స్టీలు గ్లాసు, చెంచా చాలు. సీసా తప్పనిసరి అయితే గాజుది లేదా స్టీలుది మంచిది. ప్లాస్టిక్ సీసాలో వేడి నీళ్లు పోసి గిలకొట్టవద్దు, మైక్రోవేవ్‌లో పెట్టవద్దు. పాలపొడిని గాజు లేదా స్టీలు గిన్నెలో కలిపి, గోరువెచ్చగా అయ్యాక సీసాలో పోయండి.

2. బొమ్మలు. మెత్తటి పీవీసీ బొమ్మలను సాగేలా చేసేవి థాలేట్లు. ఇవి ప్లాస్టిక్‌తో గట్టిగా అతుక్కుని ఉండవు. అందుకే పాప చప్పరిస్తే లాలాజలంలోకి వస్తాయి. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకు ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. ఆ ప్రమాణాల్లో సీసం వంటి లోహాలకు, థాలేట్లకు పరిమితులు ఉన్నాయి. గుర్తు కింద ఉన్న లైసెన్స్ నంబరును ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో సరిచూడవచ్చు. ఘాటైన ప్లాస్టిక్ వాసన వచ్చే, రంగు చేతికంటే బొమ్మను తిరిగి ఇచ్చేయండి.

మన హస్తకళల సంగతి వేరు. భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకు ఈ నియమం నుంచి మినహాయింపు ఉంది. కాబట్టి వాటి మీద ఐఎస్‌ఐ గుర్తు వెతకవద్దు. రంగు ఏమిటో అడగండి. ఏటికొప్పాక లక్క బొమ్మలు ప్రకృతి రంగులకు పేరు పొందాయి. కొండపల్లి బొమ్మల్లో కొన్నిటికి ఎనామిల్ పెయింట్ వేస్తారు. అలాంటివి బొమ్మల కొలువుకే ఉంచి, పళ్లు వస్తున్న పాప చేతికి ఇవ్వకండి.

3. స్నానాల గది. నెలల పాపకు సబ్బు చాలా కొంచెం చాలు. షాంపూ, బాడీ వాష్, బబుల్ బాత్ మూడూ అక్కర్లేదు. వాసన లేనిది ఒక్కటి ఎంచుకోండి. పౌడర్ వద్దనే పిల్లల డాక్టర్లు చెబుతున్నారు, ఎందుకంటే ఆ సన్నటి పొడి ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. 2024లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ టాల్క్‌ను ‘బహుశా క్యాన్సర్ కారకం’ అనే వర్గంలో చేర్చింది.

4. కాటుక. ఇది మనకు మనసుకు దగ్గరి విషయం. దిష్టి తగలకూడదని నానమ్మలు పెడతారు, వారి ప్రేమను తప్పుపట్టలేం. కానీ బజారులో దొరికే కొన్ని కాటుకల్లో, సుర్మాల్లో సీసం ఎక్కువగా బయటపడింది. అందుకే అమెరికాలో ఎఫ్‌డీఏ సుర్మా, కోల్ వంటి వాటిని కాస్మెటిక్ రంగుగా అనుమతించదు. అక్కడ ఉన్న మనవళ్లకు ఇక్కడి నుంచి కాటుక పంపే తాతమ్మలు ఈ సంగతి గమనించాలి. సీసానికి సురక్షిత మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇంట్లో దీపం మసితో చేసినదైనా కంట్లో పెట్టవద్దు. దిష్టిచుక్క పెట్టాలనే ఉంటే చేతికీ నోటికీ అందని చోట పెట్టండి.

5. పాత బట్టలు. పుట్టిన బిడ్డకు అన్నయ్య, అక్కయ్య వాడిన మెత్తని బట్టలు తొడగడం మంచి అలవాటే. కొత్త బట్టల మీద ఉండే రంగులు, గంజి వాటిలో ఉండవు. అయితే బీరువాలో కలరా ఉండలు వేసి దాచిన బట్టలైతే జాగ్రత్త! ఆ నాఫ్తలీన్ ఆవిరి, జీ6పీడీ లోపం ఉన్న పసికందుల్లో ఎర్ర రక్తకణాలను పగలగొట్టి తీవ్రమైన కామెర్లు తెస్తుంది. లోపం ఉందో లేదో ముందుగా మనకు తెలియదు కాబట్టి, పిల్లల బట్టలున్న చోట కలరా ఉండలు అసలే వేయవద్దు. ఇప్పటికే వేసి ఉంటే ఆ బట్టలను బాగా ఉతికి, రెండు మూడు రోజులు ఎండలో, గాలిలో ఆరేసి, వాసన పూర్తిగా పోయాకే తొడగండి. కొత్త బట్టలను కూడా ఒకసారి ఉతికాకే వాడండి.

6. గోడ, నేల. ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం దాటకూడదనే నియమం మన దేశంలో 2017 నవంబరు 1 నుంచి అమల్లో ఉంది. అంటే కిలో పెయింట్‌లో 90 మిల్లీగ్రాములు. అంతకు ముందు వేసిన రంగు కిటికీల దగ్గర పెచ్చులుగా రాలుతుంటే దాన్ని పొడిగా గీకవద్దు; తడిపి తీయించండి. అన్ని వస్తువుల నుంచి రాలేది చివరికి దుమ్ములోనే చేరుతుంది. రోజూ తడిగుడ్డతో నేల తుడవడం, తినేముందు పాప చేతులు కడగడం, కిటికీలు కాసేపు తెరవడం. ఖర్చు లేని ఈ మూడు పనులు చాలా మేలు చేస్తాయి.

ముందు ఏం చేయాలి?

ఈ జాబితా చదివి ఇంట్లో ఉన్నవన్నీ పారేసి ఖరీదైన కొత్తవి కొనాలన్న తొందర వద్దు. రెండేళ్ల పిల్లల లెక్క మనకు చెప్పింది కూడికల గురించి. కాబట్టి మొదటి పని తీసివేత. అవసరం లేనిది తగ్గించండి. రెండోది, నోట్లోకి వెళ్లేవి, ఒంటికి రాసి వదిలేసేవి ముందు మార్చండి. కడిగేసేవి తర్వాత చూసుకోవచ్చు. డాక్టర్ రాసిన క్రీమును, మందును మాత్రం సొంతంగా ఆపవద్దు. కాటుక ఎక్కువ కాలం వాడి ఉన్నా, పాప పెయింట్ పెచ్చులు తిన్నా డాక్టరుతో చెప్పండి. రక్తంలో సీసం ఎంత ఉందో పరీక్షతో తెలుస్తుంది.

ఇన్నాళ్లూ వాడినందుకు బాధపడవద్దు. ప్రేమతోనే వాడాం. ఇప్పుడు తెలిసింది కాబట్టి మారుద్దాం.

ఈ నెల ఇంటి పని

6 నుంచి 9వ తరగతి పిల్లలు ఒక ఆదివారం అమ్మానాన్నలతో కలిసి చేయాలి. ఇంట్లో పసిపాప లేకపోతే పక్కింటివారిని, బంధువులను అడిగి చేయవచ్చు.

నోట్‌బుక్‌లో ఐదు గడులు గీయండి: వస్తువు పేరు, ఎక్కడ తగులుతుంది (చర్మం, నోరు, గాలి), రోజుకు ఎన్నిసార్లు, ఏ గుర్తు లేదా అంకె ఉంది, నిజంగా అవసరమా. ఉదయం లేచింది మొదలు రాత్రి పడుకునే వరకు పాపకు తగిలిన ప్రతి వస్తువునూ రాయండి. చివర్లో మొత్తం కూడండి. తర్వాత ‘అవసరం లేదు’ అన్నవాటిని తీసివేసి మళ్లీ కూడండి.

ఆ రెండు అంకెలను సైన్స్ టీచరుకు చూపించండి. రెండో అంకె ఎంత చిన్నదైతే, మీ ఇంటి పాపకు మీరు అంత మేలు చేసినట్టు.