1151కి 1151 కాదు: ముత్తుకూరు అంగడి పాఠాలు

ముత్తుకూరులో నేను కంప్యూటర్ అంగడి తెరిచినప్పుడు వచ్చేవాళ్లంతా మత్స్య కళాశాల పిల్లలే. రికార్డులు, థీసిస్ టైపింగు, అంతే. 2008లో కృష్ణపట్నం పోర్టు మొదలయ్యాక లారీ ఆఫీసులు, క్లియరింగ్ ఏజెంట్లు, రొయ్యల మేత డీలర్లు కూడా గుమ్మం తొక్కారు. అందరిదీ ఒకే మాట: "సిస్టం స్లో అయిపోయింది సామీ, ప్రాసెసర్ మార్చెయ్." ఆ మాట విన్న వెంటనే సరేననేసి నేను పోగొట్టుకున్నదీ నేర్చుకున్నదీ ఇక్కడ రాస్తున్నాను.

1. పిన్నుల లెక్క నమ్మొద్దు.

2018లో ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసు మెషిన్ వచ్చింది. హెచ్110 బోర్డు, సాకెట్ ఎల్‌జీఏ 1151, అంటే 1151 పిన్నులది. తెల్లారి రైలెక్కి చెన్నై రిచీ స్ట్రీట్‌కి పోయి ఐ5-8400 కొనుక్కొచ్చాను. దాని మీదా 1151 అనే ఉంది. చక్కగా కూర్చుంది, లివర్ పడింది, ఫ్యాన్ తిరిగింది. మానిటర్ మాత్రం నల్లగానే ఉండిపోయింది. ర్యామ్ తీసి పెట్టాను, ఎస్‌ఎంపీఎస్ మార్చి చూశాను, రాత్రి పదకొండు దాకా ఇంటికి పోలేదు.

సంగతేమంటే, 2015లో ఇంటెల్ ఆరో తరం ప్రాసెసర్లతో వచ్చిన 1151, 2017 అక్టోబరులో ఎనిమిదో తరంతో వచ్చిన 1151 పేరుకే ఒకటి. ఎనిమిదో తరంలో కోర్లు పెరిగాయి. వాటికి కరెంటు ఎక్కువ కావాలని ఇంటెల్ కొన్ని పిన్నుల పని మార్చేసింది. 300 సిరీస్ చిప్‌సెట్ ఉన్న బోర్డయితేనే అది లేస్తుంది. అమ్మినాయన వెనక్కి తీసుకోనన్నాడు. ఆయన్ని అనేదేముంది? ఏ బోర్డుకని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. చివరికి హెచ్310 బోర్డు నా చేతి డబ్బుతో కొని ఆ ఆఫీసుకు బిగించి ఇచ్చాను.

మన చుట్టుపక్కల రొయ్య పిల్లని హేచరీ నుంచి తెచ్చి నేరుగా గుంటలో కుమ్మరించే రైతు ఉన్నాడా? సంచిలో నీళ్ల ఉప్పెంత, గుంటలో ఉప్పెంత అని చూసుకునే వదుల్తాడు. రోజూ వాళ్ల బిల్లులు కొట్టే నాకు ఆ మాత్రం తోచలేదు.

2. బోర్డు పేరు ముందు, ప్రాసెసర్ పేరు తర్వాత.

బోర్డు మీద మోడల్ పేరు అచ్చేసి ఉంటుంది, ఒక మూల రివిజన్ నంబరు కూడా. ఆ రెండూ రాసుకుని తయారీదారు వెబ్‌సైట్‌కి పోతే సీపీయూ సపోర్ట్ లిస్ట్ దొరుకుతుంది. అందులో ప్రాసెసర్ పేరొక్కటే చూసి సంతోషపడితే సగం పనే అయినట్టు. పక్క గడిలో ఏ బయోస్ వెర్షన్ నుంచి పనిచేస్తుందో ఉంటుంది, అసలు కిటుకు అక్కడుంది.

బీ450 బోర్డులు 2018లో వచ్చాయి, రైజెన్ 5000 సిరీస్ 2020లో. పాత బోర్డులకు సపోర్ట్ ఇవ్వనని ఎఎండీ ముందు మొండికేసింది. కొన్నవాళ్లు గోల చేస్తే దిగొచ్చింది. ఇప్పుడు బయోస్ మారిస్తే ఆ బోర్డు మీదే రైజెన్ 5 5600 హాయిగా నడుస్తుంది. ఇంటెల్ వైపు ఇందుకు తిరగబడ్డ కథ: హెచ్410, బీ460 బోర్డుల సాకెట్ 1200, పదకొండో తరం ప్రాసెసర్ సాకెట్టూ 1200. అయినా ఆ చిప్‌సెట్లు పదో తరం దగ్గరే ఆగిపోయాయి.

3. పాత ప్రాసెసర్ ఉండగానే బయోస్ మార్చాలి.

తీసేశాక గుర్తొస్తే పాతదే మళ్లీ పెట్టుకోవాలి. అది చేతిలో లేకపోతే, ప్రాసెసర్ లేకుండానే బయోస్ ఎక్కించే బటన్ ఆ బోర్డుకుంటే తప్ప దారి లేదు. యూపీఎస్ లేకుండా ఈ పని ముట్టుకోవద్దు. నేలటూరు థర్మల్ కేంద్రం మన మండలంలోనే ఉన్నా, కార్తీకమాసం వానల్లో తీగ తెగితే ఎవరింట్లోనైనా చీకటే. సగంలో ఆగిన బయోస్‌తో ఒక బోర్డు నా చేతుల్లోనే పోయింది.

4. ర్యామ్ గాట్లు చూడండి.

డీడీఆర్3, 4, 5 ఒకదాని స్లాట్లో ఒకటి దిగవు, గాటు వేరేచోట ఉంటుంది. చిక్కేమంటే 1700 సాకెట్‌తో వచ్చిన హెచ్610, బీ660 బోర్డుల్లో కొన్ని డీడీఆర్4వి, కొన్ని డీడీఆర్5వి. ఇంట్లో 16 జీబీ డీడీఆర్4 ఉన్నవాళ్లు అది డీడీఆర్4 బోర్డేనా అని అడిగి కొనండి. ఎఎండీ ఎఎం5కి పోతే ఆ ప్రశ్నే లేదు, డీడీఆర్5 ఒక్కటే.

5. ఎఫ్ అనే ఒక్క అక్షరం.

ఐ5-12400ఎఫ్ చవగ్గా దొరికిందని కళాశాల పిల్లోడొకడు ఎగురుకుంటూ వచ్చాడు. "గ్రాఫిక్స్ కార్డు ఏదబ్బయ్యా?" అంటే తెల్లమొహం వేశాడు. ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండదు, బోర్డు వెనక హెచ్‌డీఎంఐ ఉన్నా బొమ్మ రాదు. రైజెన్ 5 5600 కూడా అంతే. 5600జీ అయితే వస్తుంది.

6. కూలర్‌ను గుంజొద్దు.

ఎఎం4లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. ఎండిపోయిన పేస్టు కూలర్‌ను పట్టేసుకుని ఉంటుంది. పైకి లాగితే లివర్ ఎత్తకుండానే ప్రాసెసర్ కూడా ఊడొచ్చేస్తుంది, పిన్నులు వంగిపోతాయి. ముందు పది నిమిషాలు మెషిన్ నడపాలి. పేస్టు వెచ్చబడ్డాక ఆపి, కూలర్‌ను మెల్లగా అటూ ఇటూ తిప్పి తీయాలి. ఇంటెల్‌లో పిన్నులు సాకెట్లో ఉంటాయి. దాని మీది ప్లాస్టిక్ మూత పారేయకండి, వారంటీకి పోయినప్పుడు అదే అడుగుతారు.

7. మన గాలి సంగతి.

సముద్రం పక్కన పాత బోర్డు కొనేటప్పుడు టార్చి వేసి చూడాలి. స్క్రూలు తుప్పు పట్టినా పర్వాలేదు. యూఎస్‌బీ పోర్టుల లోపల, ర్యామ్ స్లాట్ల దగ్గర పచ్చగా చిలుము కనబడితే ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. ర్యామ్ అంచుల మీది మసక మటుకు పెన్సిల్ రబ్బరుతో పోతుంది.

8. ఐ9ని హెచ్610 మీద పెడితే వెలుగుతుంది. వెలిగాక ఆ చిన్న బోర్డు వేడికి తట్టుకోలేక వేగం తగ్గించుకుంటుంది. కొన్న డబ్బుకి అర్థం లేదు.

9. అసలు మార్చాలా?

ఈ ప్రశ్న అడగడం మొదలెట్టాక నా అమ్మకాలు తగ్గాయి. ట్యాలీ, వేబిల్లులు, బ్రౌజరు నడిచే మెషిన్‌కి హార్డ్‌డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ వేస్తే చాలాసార్లు అక్కడితో పని అయిపోతుంది. విండోస్ 11 కావాలంటే మాత్రం ఇంటెల్ ఎనిమిదో తరం, లేదా రైజెన్ 2000 సిరీస్ (జీ రకాలు తప్ప), ఆ పైవి ఉండాలి. అప్పుడు బోర్డు, ప్రాసెసర్ కలిపే మార్చండి, ఒకే అంగట్లో, ఒకే బిల్లు మీద.

2018 నాటి ఆ హెచ్110 బోర్డు, దాని పాత ఐ3 నా దగ్గరే ఉండిపోయాయి. ఎస్‌ఎస్‌డీ వేశాను. 2025 అక్టోబరు 14తో విండోస్ 10 గడువు ముగిసింది గనక లైనక్స్ ఎక్కించాను. నా అంగడి బిల్లులు ఇప్పటికీ దాని మీదే కొడుతున్నాను.