ఆత్మగౌరవం – మన బరువు మనకు తెలియడం



వార్షికోత్సవ సంచికకు ఆత్మగౌరవం మీద పాఠంలాగా ఏదైనా రాసి ఇమ్మని వార్డెన్ గారు అడిగారు. ఆత్మగౌరవం అంటే ఏమిటని అడిగితే మనలో చాలామంది "ఒకరి ముందు తలవంచకపోవడం" అంటారు. తప్పు కాదు గానీ అది సగం జవాబే.

ముందు మాట అర్థం చూద్దాం. తెలుగు వాచకంలో ఛందస్సు చదివినవారికి గురువు, లఘువు తెలుసు. గురువంటే బరువైనది, లఘువంటే తేలికైనది. ఆ "గురు" శబ్దం నుంచే "గౌరవం" అనే మాట పుట్టింది. అంటే గౌరవానికి మొదటి అర్థం బరువు. దానికి ఎదురుగా మనకు "చులకన" అనే మంచి తెలుగు మాట ఉంది. చులకన అంటే తేలికదనం. ఒకరిని చులకనగా చూశారంటే ఆ మనిషిని తూకంలో తగ్గించి చూశారన్నమాట. కాబట్టి ఆత్మగౌరవమంటే తన బరువు తనకు తెలిసి ఉండటం. ఉన్నదానికంటే ఎక్కువ చూపుకుంటే అహంకారం, తక్కువ అనుకుంటే ఆత్మన్యూనత. పరీక్షలో రాయడానికి ఇంతవరకు చాలు. అసలు చిక్కు, తక్కెడ ఎవరి చేతిలో ఉందన్న దగ్గర మొదలవుతుంది.

విలియం జేమ్స్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1890లో రాసిన "ప్రిన్సిపుల్స్ ఆఫ్ సైకాలజీ"లో దీన్ని ఒక భిన్నంగా చెప్పాడు. లవం స్థానంలో మనం సాధించినది, హారం స్థానంలో మనం ఆశించినది. లవం పెరిగినా, హారం తగ్గినా విలువ పెరుగుతుంది. లెక్క బాగానే ఉంది. కానీ మన తాతముత్తాతలకు లోకం చెప్పినదంతా హారం తగ్గించుకోమనే కదా! "నీకెందుకురా అంత చదువు" అన్న మాటకు అర్థం అదే. ఆశ తగ్గించుకుని పొందే తృప్తిని ఆత్మగౌరవం అనడానికి నా మనసు ఒప్పదు.

ఇక నా సంగతి చెబుతాను. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. మన హాస్టల్‌లో రెండో గది, కిటికీ పక్కన నా ట్రంకు పెట్టె. దాని మూత మీదే రాసుకునేవాళ్ళం. ఒక రాత్రి ఏడో తరగతి తమ్ముళ్ళిద్దరికి చక్రవడ్డీ లెక్క చెప్పాను. వెయ్యి రూపాయలకు 10 శాతం చొప్పున రెండేళ్ళకు ఎంత? మొదటి ఏడు వంద, రెండో ఏడు నూటపది, మొత్తం రెండువందల పది. వాళ్ళకు అర్థమయ్యేదాకా మూడుసార్లు చెప్పాను.

మర్నాడు బడిలో ఏదో జాబితా కోసం మాస్టారు "హాస్టల్ వాళ్ళంతా లేచి నిలబడండి" అన్నారు. పదకొండు మందిమి లేచాం. ఒక్కొక్కరి పేరు, ఊరు, కులం పైకి అడిగి రాసుకున్నారు. ఆయనకు మా మీద కోపమేమీ లేదు, అది ఆయనకు రోజువారీ పని. కూర్చోబోతుంటే నన్ను ఆపి, బోర్డు దగ్గరికి రమ్మని లెక్క ఇచ్చారు. అదే చక్రవడ్డీ. సుద్దముక్క చేతిలో ఉంది, చెయ్యి కదల్లేదు. రెండో ఏడు అసలుకు వడ్డీ కలపాలన్న సంగతే గుర్తుకు రాలేదు. వెనక బెంచీల్లో ఎవరో నవ్వారు. ఆ రోజు నుంచి పదో తరగతి దాకా "నాకు లెక్కలు రావు" అనే నమ్మాను. అదే సాయంత్రం ఆ తమ్ముళ్ళు మరో లెక్క తెస్తే ఇట్టే చేసిపెట్టాను కూడా. అయినా నమ్మకం మారలేదు. బోర్డు దగ్గర జరిగిందే నిజమనిపించింది, ట్రంకు పెట్టె దగ్గర జరిగింది లెక్కలోకి రాలేదు.

చాలా ఏళ్ళకు ఒక పరిశోధన గురించి చదివి పుస్తకం మూసి కూర్చుండిపోయాను. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే అనే ఆర్థికవేత్తలు ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో ఆరు, ఏడు తరగతుల మగపిల్లలతో చేసిన ప్రయోగం అది. 2004లో, మళ్ళీ 2006లో ప్రచురించారు. పై కులాల పిల్లలు 321 మంది, దళిత కులాల పిల్లలు 321 మంది. కాగితం మీద గీసిన చిక్కుదారుల్లో దారి కనిపెట్టడం పని. ఎవరిది ఏ కులమో చెప్పకుండా చేయించినప్పుడు రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. అదే పని, పిల్లల పేరు, ఊరు, తండ్రి పేరు, తాత పేరు, కులం అందరి ముందు చదివి చేయిస్తే దళిత పిల్లలు పూర్తిచేసినవి బాగా తగ్గిపోయాయి. తెలివి తేటలు ఆ నిమిషంలో ఎక్కడికీ పోలేదు. మారింది గదిలోని గాలి. నేను సుద్దముక్క పట్టుకుని నిలబడిపోయిన రోజుకు అర్థం నాకు అప్పుడు దొరికింది.

అంబేడ్కర్ గారి జీవితంలో దీనికి పెద్ద సాక్ష్యం ఉంది. సతారా బడిలో కూర్చోవడానికి గోనెపట్టా ఇంటి నుంచే తెచ్చుకోవాలి. కుళాయి తాకకూడదు, బంట్రోతు వచ్చి తిప్పితేనే నీళ్ళు. 1913లో అమెరికా వెళ్ళారు. అమెరికా, ఇంగ్లండుల్లో గడిపిన ఏళ్ళలో తాను అంటరానివాడినన్న స్పృహే తన మనసులోంచి చెరిగిపోయిందని తర్వాత ఆయనే రాసుకున్నారు. 1917లో బరోడాకు ఉద్యోగానికి వస్తే ఉండటానికి ఇల్లు దొరకలేదు. కులం దాచి పార్శీల సత్రంలో దిగితే కర్రలు పట్టుకుని వచ్చి ఖాళీ చేయించారు. అంత చదువుకున్న మనిషి ఆ రోజు ఎక్కడికి పోవాలో తెలియక పార్కులో కూర్చున్నారు. పెద్ద చదువులు చదివితే చులకన దానంతటదే పోతుందని పిల్లలకు చెబుతుంటాం గానీ, అది పూర్తి నిజం కాదు. 1927 మార్చి 20న మహాడ్‌లో వేలమందితో చవదార్ చెరువు నీళ్ళు తాగింది ఆ మనిషే. అప్పటికి ఆయన తక్కెడ ఎవరి చేతిలో ఉందో తెలుసుకున్నారు. ఒంటరిగా కాకుండా తనవాళ్ళందరితో కలిసి వెళ్ళారన్నది గమనించండి.

మన బెజవాడలోనూ ఇలాంటిది జరిగింది. 1917 నవంబరులో అక్కడ పంచమ మహాజన సభ పేరుతో సమావేశం పెట్టారు. అధ్యక్షత వహించడానికి హైదరాబాదు నుంచి వచ్చిన భాగ్యరెడ్డి వర్మ గారు "పంచములు" అన్న పేరునే ఒప్పుకోలేదు. ఈ నేలకు మొదటివాళ్ళం మేమే అని వాదించారు. అదే సభ పేరును ఆది ఆంధ్రగా మార్చారు. ఎస్సీ కులాల జాబితాలో ఈనాటికీ "ఆది ఆంధ్ర" ఉండటం మీరు చూసే ఉంటారు. పేరు మారితే కడుపు నిండుతుందా అని అడిగేవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. కడుపు నిండదు. కానీ ఒకరు పెట్టిన పేరుకు పలకడం మానేశాక మనిషి నిలబడే తీరు మారుతుంది.

వార్షికోత్సవం వస్తే చాలు, వక్తలందరూ 2014లో ఎవరెస్టు ఎక్కిన పూర్ణ, ఆనంద్ గురించి చెబుతారు. సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు కదా, మనకూ గర్వమే. అయితే నాకు ఎక్కువగా గుర్తొచ్చేది ఆ ఏడో తరగతి తమ్ముళ్ళిద్దరు. నాకు లెక్కలు వచ్చని వాళ్ళు ఒక్కరోజు కూడా అనుమానించలేదు. పదో తరగతి పరీక్షలకు ముందు వాళ్ళు అడిగేవి చెబుతూ చెబుతూనే నా భయం పోయింది. లెక్కల్లో 71 వచ్చాయి. హాస్టల్ అంటే సాంబారు నీళ్ళు, చిరిగిన దుప్పటి అని నవ్వుకుంటాం. నిజమే. కానీ ఎవరూ ఎవరినీ లేచి నిలబడమనని గది కూడా అదే.

పూర్వ విద్యార్థులకు ఒక సంగతి చెప్పి ముగిస్తాను. ఇది చెప్పుకోవడానికి నాకు బాధగానే ఉంది. నేను లెక్చరర్‌గా చేరిన మొదట్లో, ఎక్కడ చదివారని సహోద్యోగులు అడిగితే ఊరి పేరు చెప్పేవాడిని, హాస్టల్ మాట ఎత్తేవాడిని కాదు. ఒకరోజు స్టాఫ్ రూమ్‌లోకి ఫస్టియర్ కుర్రాడు ఒకడు వచ్చి "సార్, మీరూ మా హాస్టలేనట కదండీ!" అన్నాడు, ముఖం వెలిగిపోతూ. "అవును" అన్నాను. అంటూనే ఎవరైనా విన్నారేమోనని పక్కకు చూశాను. ఆ చూపును వాడు గమనించాడు. తర్వాత రెండు వారాలు నాకు కనిపించకుండా తిరిగాడు.

మూడో వారం వాళ్ళ తరగతికి పాఠానికి వెళ్ళినప్పుడు, హాజరు వేశాక పుస్తకం తెరవలేదు. వాడి పేరు ఎత్తకుండా నా గురించే చెప్పాను. ఏ హాస్టల్లో ఏడేళ్ళు ఉన్నానో, ట్రంకు పెట్టె ఎక్కడ పెట్టుకునేవాడినో, చక్రవడ్డీ లెక్క దగ్గర ఎలా నిలబడిపోయానో అంతా చెప్పాను. తరగతి అయ్యాక వాడు వరండాలో నా కోసం ఆగి ఉన్నాడు. "సార్, రెండో గదిలో కిటికీ పక్కన ఇప్పుడు మా తమ్ముడు ఉంటున్నాడండీ" అన్నాడు.