చేపపిల్లకు చేరిన తప్పు వార్త

ధవళేశ్వరము ఆనకట్టనుండి బయలువెడలిన కాలువలు గోదావరి మండలమునందలి పొలములకేగాక, చేపల చెరువులకును నీరిచ్చుచున్నవి. ఆ చెరువులలో బొచ్చె, శీలావతి మున్నగు చేపలు పెరుగుచున్నవి. ఇవి సాధారణముగా చెరువునీటిలో గ్రుడ్లు పెట్టవు. అందుచే పూర్వము వీని పిల్లలను నదులలో వెదకి పట్టి తేవలసివచ్చెడిది. 1957లో ఒడిషా రాష్ట్రమున హీరాలాల్ చౌధురి అను శాస్త్రజ్ఞుడు చేపల పీయూషగ్రంథినుండి తీసిన రసమును తల్లిచేపలకు సూదితో ఎక్కించి గ్రుడ్లు పెట్టించెను. ఆ రసములోని హార్మోనులే ఈ కార్యమును సాధించినవి.

హార్మోను అనగా శరీరము తనకు తాను పంపుకొను వార్త. అది రక్తములో పయనించి, ఏ అవయవము ఎప్పుడేమి చేయవలెనో తెలుపును. ప్రతి జీవకణమునందును జన్యువులు కలవు. కాని అన్నియు ఒక్కమారే పనిచేయవు. మీట నొక్కిన దీపము వెలిగినట్లు, హార్మోను అందినప్పుడు దానికి సంబంధించిన జన్యువు మేల్కొనును. గ్రుడ్డులోని పచ్చసొనకు వలయు మాంసకృత్తును చేయు జన్యువు మగచేపయందును కలదు. కాని అచట అది నిద్రించుచుండును.

కుటుంబ నియంత్రణ మాత్రలలోని కృత్రిమ హార్మోను కొంత మూత్రముతో మురుగుకాలువకును, అచటినుండి నదికిని చేరును. నీటిలోని ఆ తప్పు వార్త అందగానే మగచేపలో ఆ జన్యువు మేల్కొనును. ఆడ, మగ అవయవములు అప్పుడప్పుడే రూపొందు లేత పిల్లలకు ముప్పు మరింత అధికము.

కెనడా దేశపు శాస్త్రజ్ఞులు దీనిని ఒక చిన్న సరస్సునందు పరీక్షించిరి. 2001 మొదలు 2003 వరకు ప్రతి వేసవియందును ఆ హార్మోనును నీటిలో కలిపిరి. ఎంత? లీటరుకు 5 లేక 6 నానోగ్రాములు. అనగా రమారమి 20 కోట్ల లీటర్ల నీటికి ఒక్క గ్రాము! అంతమాత్రమునకే అచటి ఒక చిన్నచేపల జాతిలో మగచేపల వృషణములు సరిగా ఎదుగలేదు. కొన్నింటిలో గ్రుడ్ల కణములు సైతము కనబడినవి. పిల్లలు పుట్టుట తగ్గి, ఆ జాతి ఆ సరస్సులో దాదాపు నశించినది. హార్మోను కలుపుట మానిన కొన్ని ఏండ్లకు అది మరల వృద్ధిచెందినది.

విద్యార్థులారా! ఇందు భయముతోపాటు ఆశయు కలదు. నీరు శుభ్రపడినచో చేపలు తిరిగి రాగలవు. కావున మిగిలిన మందులను కాలువలో పారవేయరాదు. పట్టణముల మురుగునీటిని శుద్ధిచేయక నదిలో విడువరాదు. తల్లిచేపకు ఇచ్చిన కొలదిపాటి హార్మోను వేలకొలది పిల్లలను ప్రసాదించినది. నీటిపాలైన కొలదిపాటి హార్మోను ఒక జాతినే రూపుమాపబోయినది. కంటికి కానరానంతటి స్వల్పమైనదని దేనిని గాని తేలికగా తలపరాదు.